ఆఖరి బెంచీ

ఆ వర్షాకాలం మా ఆయన రోజూ పొద్దున పదకొండు కాకముందే చొక్కా మార్చుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయేవాడు. ఎక్కడికని అడిగితే ఇలా వెళ్ళొస్తా అనేవాడు. భోజనాల వేళ దాటిపోయాక, గొడుగు చంకలోనే ఉన్నా నిలువునా తడిసి వచ్చేవాడు. డ్యూటీకి కాదని నాకు తెలుసు. బస్సు డిపో మా ఇంటికి తూర్పున ఉంటుంది. ఆయన పడమటికి నడిచేవాడు.

ఆయన టౌను బస్సు డ్రైవరు. వానలు మొదలైన వారంలోనే ఆ ఘోరం జరిగింది. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనకనుంచి ఒక పిల్లవాడు తల్లి చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్సు వేగంగా లేదు. బ్రేకులు పడ్డాయి. పడినా, తడి రోడ్డు మీద బస్సు కొంచెం జారింది. ఆరేళ్ళ పిల్లవాడు. ఆసుపత్రికి చేరేలోగానే పోయాడు. పోలీసులు వచ్చి చూశారు, డిపోవాళ్ళు వచ్చి చూశారు, బస్సులో ఉన్నవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పారు. డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి, మనసు కుదుటపడ్డాక రమ్మని ఆయన భుజం తట్టి పంపారు.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ అదే మాట. నీ తప్పేముంది, నీ స్థానంలో ఎవరున్నా అంతే. నేనూ అదే అన్నాను. మా అత్తయ్య అదే అంది. ఆయన అందరికీ తల ఊపేవాడు. ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచేవాడు. అంతకుముందు ఆయన నోరు మూయించడమే నాకు పెద్ద పని. బస్సెక్కినవాళ్ళ వేషాలన్నీ ఇంట్లో వేసి చూపించి నన్నూ వాళ్ళమ్మనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన మనిషి.

నాది కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. మా నాన్న దగ్గర నేర్చుకున్న పని. ఎక్కడో ఏదో చిక్కుకుని ఆగిపోయిన వస్తువు కళ్ళ ముందుంటే, పై రేకు విప్పి లోపల చూసేదాకా నాకు తోచదు. అదొక జబ్బు అనుకోండి. మొగుడు రోజూ పడమటికి వెళ్ళి తడిసి వస్తుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటాను? పైగా లోపల భయం కూడా ఉంది. పడమటి వైపు ఊరి చివర కాలువ ఉంది. వానలకు నిండుగా పారుతోంది.

ఒకరోజు దుకాణం మూసేసి ఆయన వెనకే నడిచాను. బస్సులు తిరిగే రోడ్డు వదిలేసి సందుల్లోంచి వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా నన్ను గుర్తుపట్టేవాడని నమ్మకం లేదు, అంత పరధ్యానంగా ఉన్నాడు. కాలువ వైపు తిరిగే మలుపు దగ్గర నేను అడుగు వేగం పెంచాను. ఆయన మలుపు తిరగలేదు. కలప అడితి పక్కనుంచి ముందుకు వెళ్ళాడు. కోత మిషను చప్పుడు, తడిసిన రంపపు పొట్టు వాసన. దాని పక్కనే రేకుల కప్పు వేసిన చిన్న చర్చి ఒకటి ఉంది. మా ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాడు.

నేను ముక్కున వేలేసుకున్నాను. వాళ్ళది క్రైస్తవ కుటుంబమే. కానీ తండ్రి పోయిన ఏడాది ఈయన చర్చి మానేశాడు, అప్పటికి ఇంకా మీసాలు కూడా రాలేదట. మా పెళ్ళయ్యాక ఆ గుమ్మం తొక్కడం నేనైతే చూడలేదు. మా పుట్టింట్లో ఏ దేవుడి మాటా ఎత్తేవాళ్ళు కాదు. మా నాన్నకు మిషన్లే లోకం. అందుకని ఈ సంగతి మా మధ్య ఎప్పుడూ రానే లేదు.

కిటికీకి ఒక అద్దం ముక్క ఊడిపోయి ఉంటే అందులోంచి చూశాను. లోపల ఎవరూ లేరు. మా ఆయన ఆఖరి బెంచీలో గోడ పక్కగా కూర్చున్నాడు. మోకరించలేదు, చేతులు జోడించలేదు. ఎదురుగా చూస్తున్నాడు. అక్కడ ఒక బల్ల, గోడకు ఒక చెక్క సిలువ తప్ప ఏమీ లేవు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత పెదవులు కదిలాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి జరిగింది చెప్తున్నట్టు, మధ్యలో ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ ఏదో చెప్తున్నాడు. నాతో నెల రోజులుగా పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

అడితిలో పనిచేసే అతనొకడు వచ్చి ఎవరికోసమమ్మా అని అడిగాడు. వాన తగ్గేదాకా నిలబడ్డానని చెప్పాను. అతను ఆకాశం వంక చూసి, నా వంక చూసి వెళ్ళిపోయాడు. అప్పుడు వాన లేదు.

ఇంటికి వచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. ఆవిడ ప్రతి ఆదివారం ఊరి మధ్యలో ఉన్న పెద్ద చర్చికి వెళ్తుంది. కొడుకును రమ్మని పోరడం మానేసి కూడా చాలా కాలమైంది.

"వాడు మందిరంలో అడుగు పెట్టాలని ఇన్నేళ్ళూ ప్రార్థన చేశాను అమ్మాయ్," అంది. "ఇలా పెట్టాలని మాత్రం అడగలేదు."

అక్కడ ఆయన ఏం చేస్తున్నట్టని అడిగాను. ఏమీ అడగకుండా అంతసేపు కూర్చుంటే దాన్ని ప్రార్థన అంటారా, చెప్పిందే చెప్తే దేవుడికి విసుగు రాదా, ఖాళీ గదిలో చెప్పుకుంటే ఏమొస్తుంది, ఇంట్లో మనం లేమా. నా ప్రశ్నలకు ఆవిడ తల పట్టుకుంది. నేను వెళ్ళేది పదిమందీ ఉండే ఆదివారం, వాడు వెళ్ళేది ఎవరూ లేనప్పుడు, నన్నడిగితే నేనేం చెప్పను, వాణ్ణే అడుగు అంది.

అడిగాను. ఆ సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని వాన చూస్తున్నాడు. వెనకే వచ్చిన సంగతి దాచలేదు. ఆయనకు కోపం రాలేదు. కొంచెం తేలికపడ్డట్టే కనిపించాడు.

"అక్కడేం చేస్తున్నారు?"

"కూర్చుంటున్నా."

"కూర్చోడానికి ఇంట్లో కుర్చీలు లేవా?"

ఆయన చూరునుంచి కారుతున్న నీళ్ళ కింద చెయ్యి పెట్టాడు.

"ఇంట్లో నేను నోరు తెరవగానే నీ తప్పు కాదంటారు. నువ్వంటావు, అమ్మంటుంది, డిపోలో అంటారు. ఆ మాటతో అయిపోతుంది. ఆ తర్వాత ఇంకేం చెప్పడానికి ఉండదు. నాకేమో చెప్పాలని ఉంటుంది. ఆ బాబు చొక్కా రంగు చెప్పాలని ఉంటుంది. అక్కడ నన్నెవరూ ఆపరు. మొదట్నుంచీ చెప్తాను. మర్నాడు వెళ్ళి మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను."

"వింటాడని ఎలా తెలుసు మీకు?"

"తెలీదు. చెప్పి బయటికి వస్తే ఊపిరి ఆడుతుంది. ఇంట్లో ఆడటం లేదు."

ఆ చర్చే ఎందుకని అడిగాను. ఆ పిల్లవాణ్ణి సమాధికి అక్కడినుంచే తీసుకెళ్ళారట. వాళ్ళ కుటుంబం వెళ్ళే చర్చి అది. ఆ రోజు మా ఆయన కలప అడితి గోడ పక్కన నిలబడి ఉన్నాడట. లోపలికి వెళ్ళే మొహం లేక, అందరూ వెళ్ళిపోయాక వెళ్ళాడు. ఆదివారాలు వాళ్ళు వస్తారు కనుక మామూలు రోజుల్లోనే వెళ్తున్నాడు.

నేనప్పుడు చెయ్యాల్సిందల్లా మంచో చెడో ఆయన మానాన ఆయన్ను వదిలెయ్యడం. అదొక్కటే నావల్ల కాలేదు. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఆడని ఊపిరి ఆ ఖాళీ గదిలో ఎలా ఆడుతోంది? అది తేలాల్సిందే అనిపించింది. కిటికీలోంచి చూసినప్పుడు పక్క గదిలో గుడ్డ కప్పిన రెండు కుట్టుమిషన్లు నా కంటబడ్డాయి. అంతకన్నా మంచి వంక ఏం కావాలి?

మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీ పట్టుకుని వెళ్ళాను. పాస్టరుగారు ప్యాంటు పైకి మడిచి, కప్పు కారే చోటల్లా బకెట్లు సర్దుతున్నారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయి వెతుక్కుంటున్నట్టుండే మనిషి. మిషన్ల సంగతి అడిగితే సంతోషపడ్డారు. ఆడవాళ్ళకు కుట్టు నేర్పిద్దామని ఎవరో ఇచ్చారట, రెండూ కదలక మూలన పడి ఉన్నాయట. విప్పి చూశాను. ఒకదానికి కింది దారం తిప్పే షటిలు తుప్పు పట్టి రాయిలా బిగుసుకుపోయింది. రెండోదాని బెల్టు ఎలుకలు కొరికాయి. కొన్నాళ్ళ పని. నాకు కావాల్సింది అదే.

మా ఆయన పదకొండింటికి వచ్చి పక్క గదిలో నన్ను చూశాడు. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నేను సుత్తి చప్పుడు కాకుండా సంచీలో పెట్టేశాను.

ఆయన వెళ్ళిపోయాక పాస్టరుగారిని అడిగాను, మా ఆయనతో మీరేం మాట్లాడతారని. ఏమీ మాట్లాడనన్నారు. మొదట్లో ఈయనకోసం ఒక పెద్ద ప్రసంగమే సిద్ధం చేసుకున్నారట. పక్కన వచ్చి కూర్చునేసరికి మా ఆయన ఒళ్ళంతా వణుకుతోందట. ప్రసంగం సంగతి మరిచిపోయి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారట. అప్పట్నుంచీ అదే చేస్తున్నారు.

"దేవుడు జవాబు చెప్తాడా అండీ?" అన్నాను. ఊరికే పైపైన అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాను.

ఆయన బకెట్టులో నీళ్ళు కిటికీలోంచి పారబోసి వచ్చి, ఆలోచించి మరీ చెప్పారు. "నాకు మాటల్లో ఎప్పుడూ చెప్పలేదమ్మా. చెప్పాడని చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు అసూయ. కానీ మీవారు మొదటిరోజు గుమ్మంలోనే నిలబడిపోయారు. తర్వాత బెంచీ దాకా వచ్చారు. ఇప్పుడు కూర్చుంటున్నారు. అది ఎవరు చేశారో నేను చెప్పలేను. నేను మాత్రం కాదు."

ఆ జవాబు నాకు నచ్చింది. తెలిసింది తెలుసని, తెలియంది తెలియదని చెప్పే మనిషి మాట మీద నాకు గురి.

షటిలు ఊడబెరికి కిరసనాయిలులో నానబెట్టిన రోజు అనుకుంటాను, నేను వెళ్ళేసరికి హాల్లో ఒకావిడ తడిగుడ్డతో బెంచీలు తుడుస్తోంది. ఇంచుమించు నా వయసే. జుట్టు బిగించి ముడి వేసుకుంది. నన్ను చూసి, మిషన్లు బాగుచేసేది మీరేనా అని అడిగింది. పని అయితే తనకూ నేర్చుకోవాలని ఉందంది, ఇంట్లో పొద్దు గడవడం కష్టంగా ఉందంది. నేను పని చేసుకుంటూ, ఆవిడ తుడుచుకుంటూ అవీ ఇవీ మాట్లాడుకున్నాం. వానల గురించి, ఆరని బట్టల గురించి. పాస్టరుగారు కళ్ళజోడు తలమీద పెట్టుకుని ఊరంతా వెతికిన సంగతి చెప్పి ఆవిడే నవ్వించింది. మాటల మధ్యలో ఒక బెంచీ దగ్గర వంగి, మా బాబు ఆదివారం ప్రసంగం అయ్యేదాకా దీని కిందే పడుకునేవాడు అంది. ఇప్పుడు రాడా అని అడగబోయాను. ఆవిడ తుడుస్తున్న తీరు చూసి, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ బెంచీ పైభాగం ఒకసారి తుడిచి వదిలేసింది. కిందిభాగం తుడుస్తూనే ఉంది.

నా చేతిలో స్క్రూడ్రైవరు జారి కింద పడింది. తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నా నోట ఎప్పుడూ వచ్చే పిచ్చి ప్రశ్నే వచ్చింది. దేవుడి మీద కోపం రాదా అండీ అన్నాను.

"రాకేం," అంది ఆవిడ. "ఇక్కడికొచ్చి ఆయన్నే తిడతాను. నోటికొచ్చినట్టు తిడతాను. ఇంకెవరి ముందైనా ఆ మాటలంటే భయపడి దూరం జరుగుతారు. మా అమ్మ చెవులు మూసుకుంటుంది. ఈయన ఒక్కడే కదలకుండా వింటాడు. మొత్తం తిట్టేశాక ఇంటికెళ్ళి ఒక గంట నిద్రపోతాను. నాకు నిద్ర పట్టేది ఆ గంటే."

అదే గదిలో ఒకాయన వచ్చి చెప్పుకుని పోతున్నాడు. ఒకావిడ వచ్చి తిట్టుకుని పోతోంది. ఇద్దరి మాటా వినేది ఒక్కడే, ఇద్దరిలో ఎవరినీ కసరడం లేదు, ఎవరికీ దూరం జరగడం లేదు. నాకు తెలిసిన మనుషుల్లో ఎవరివల్లా కాని పని అది. భక్తి అని చెప్పను. ఆ గది లోపల మరేదో ఉందన్న అనుమానం మొదటిసారి కలిగింది.

"మీవారేం చేస్తారు?" అని ఆవిడ అడిగింది.

అబద్ధం ఆడొచ్చు. "బస్సు డ్రైవరు," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. బకెట్టు దగ్గరికి వెళ్ళి గుడ్డ ముంచి పిండింది. పిండినదాన్నే మళ్ళీ పిండింది.

"ఆఖరి బెంచీ ఆయనేనా?"

అవునన్నాను.

"మీ దగ్గర ఏడుస్తాడా?"

"నేను చూడలేదండీ."

"ఆ బెంచీ మీద తడి ఉంటుంది. పాస్టరుగారు కప్పు కారిందంటారు." ఆవిడ తల ఎత్తి ఆ మూల రేకుల వంక చూసింది. "అక్కడ కప్పు కారదు."

గుడ్డ ఆరేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. పదకొండు కావడానికి ఇంకా చాలా టైముంది.

ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి అత్తయ్య నా అవస్థ చూడలేక, మింగలేకపోతే కక్కెయ్ అమ్మాయ్ అంది. చెప్పాను. ఆ బాబు తల్లికి తెలుసని, బెంచీ తుడిచేది ఆవిడేనని, ఏమందో ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఆయన అంతా విన్నాడు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. లోపలికి వచ్చి, ఈ ఆదివారం వెళ్తానన్నాడు.

"ఆవిడ వస్తుంది."

"తెలుసు. నువ్వు కూడా వస్తావా?"

మా అత్తయ్య తన పెద్ద చర్చి మానేసి, పిలవకుండానే మాతో బయలుదేరింది.

ఆ ఆదివారం వాన కుండపోతగా పడింది. ముందు వరసల మీద కప్పు కారి, అక్కడి జనం వెనక్కి సర్దుకున్నారు. ఆఖరి బెంచీలో గోడ పక్కన మా ఆయన, పక్కన నేను. అత్తయ్య మా ముందు బెంచీలో. పాట సగమయ్యాక ఆ బాబు తల్లి వచ్చింది. వెంట ఆవిడ భర్త గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రాలేదు. గొడుగు పట్టుకుని చూరు కింద నిలబడ్డాడు. ఖాళీ ఉన్నది ఒక్క మా బెంచీలోనే. ఆవిడ నా పక్కన కూర్చుంది. నేను ఇద్దరి మధ్యా, రెండు గోడల మధ్య ఇరుక్కున్నట్టు, ఊపిరి గట్టిగా తీస్తే ఎవరికి తగులుతుందోనని కూర్చున్నాను.

ఆ రోజు బల్ల ఉందట. ముందే తెలిస్తే బహుశా వచ్చేవాళ్ళం కాదు. బల్ల అంటే ప్రభువును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం అందరూ కలిసి తీసుకోవడం అని అత్తయ్య వెనక్కి తిరిగి గుసగుసగా చెప్పింది. నువ్వు బాప్తిస్మం తీసుకోలేదు కనుక తీసుకోకు, ఊరికే పక్కవాళ్ళకు అందించు అంది. ఆ చర్చిలో రొట్టె పళ్ళెం, రసం గిన్నె ఒకరి చేతినుంచి ఒకరికి, బెంచీ ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్తాయి. నాకు అదేమిటో చూడాలని కుతూహలంగానే ఉంది, మా బెంచీ వంతు వచ్చేదాకా.

రొట్టె పళ్ళెం వచ్చింది. ఆవిడ ఒక ముక్క తీసుకుని నాకిచ్చింది. నేను ఆయనకిచ్చాను. ఆయన తీసుకున్నాడు. తర్వాత గిన్నె వచ్చింది. ఆవిడ తాగింది. అంచు గుడ్డతో తుడిచింది. గిన్నె నా చేతికిచ్చింది. నేను మా ఆయన వైపు తిరిగాను.

ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. లేవలేదు. లేపాలని చూస్తున్నాడని నాకు కనిపిస్తోంది, నరాలు బిగుసుకుంటున్నాయి. గిన్నె నా చేతిలో ఆగిపోయింది. ముందు బెంచీల్లో ఒకరిద్దరు తిరిగి చూశారు. పాస్టరుగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. అత్తయ్య వీపు కదలడం లేదు. నేను తాగకూడని గిన్నె, నా చేతిలో బరువుగా ఉంది. ఎటూ ఇవ్వలేను. కింద పెట్టలేను.

అప్పుడు నా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆవిడ నా మీదుగా వంగి, గిన్నె అడుగున తన అరచెయ్యి పెట్టింది.

"పట్టుకోండి," అంది. "పడిపోదు. నేను కింద పట్టుకున్నాను."

ఆయన చేతులు లేచాయి. గిన్నె ముగ్గురి చేతుల్లో ఉంది కాసేపు. ఆయన తాగాడు. ఆవిడ గిన్నె వెనక్కి తీసుకుని, అంచు తుడిచి, దాన్ని పట్టుకెళ్ళడానికి వచ్చిన పెద్దమనిషి చేతికిచ్చింది. పాట మొదలైంది. మా ఆయన పాడలేదు, ఆవిడా పాడలేదు. నాకు ఆ పాట రాదు.

అయిపోయాక ఆవిడ లేచి, వందనాలండీ అని మా ఇద్దరికీ కలిపి ఒకటే చెప్పి, బయట గొడుగు కిందికి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గరికి వచ్చాక అత్తయ్య, మా చర్చిలో పాటలు ఇంతకన్నా బాగా పాడతారు అంది. మా ఆయన నవ్వలేదు గానీ, నవ్వడానికి ముందు మనిషి మొహంలో ఏదో కదులుతుందే, అది కదిలింది.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెబితే అబద్ధం. రోడ్డు మీద పిల్లలు పరిగెడితే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. ఆ వానలు పోయేదాకా స్టీరింగు ముట్టలేదు. డిపోలో బస్సులు కడిగించే పని అడిగి తీసుకున్నాడు. మళ్ళీ బస్సెక్కింది ఎండలు ముదిరాకే, అదీ వాళ్ళమ్మను మొదటి సీట్లో కూర్చోబెట్టుకుని. ఆ బాబు తల్లీ మేమూ స్నేహితులమేమీ కాలేదు. ఒకరింటికి ఒకరం వెళ్ళలేదు. మిషన్లు బాగయ్యాక కుట్టు నేర్పడానికి వారంలో కొన్నాళ్ళు నేనే వెళ్ళేదాన్ని. ఆవిడ వచ్చి నేర్చుకునేది. పని సంగతులే మాట్లాడుకునేవాళ్ళం. మా ఆయన మామూలు రోజుల్లో వెళ్ళడం మెల్లగా తగ్గించాడు. చెప్పాల్సింది అయిపోయిందా అని నేనడిగితే, అయిపోలేదు, ఇప్పుడు ఎక్కడినుంచైనా చెప్పుకోగలుగుతున్నా అన్నాడు. ఆదివారాలు మాత్రం వదల్లేదు. నేను కూడా వెళ్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఆ ఏటి వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లోనే ఒక ఆదివారం అడగనే అడిగారు. ఎవరిదో మిషను ఇచ్చెయ్యాల్సి వచ్చి దుకాణం తెరిచి, నేను ఆలస్యంగా వెళ్ళాను. ఆయనా అత్తయ్యా అప్పటికే లోపలున్నారు. చూరు కింద ఆ బాబు తండ్రి నిలబడి ఉన్నాడు. ప్రతి ఆదివారం భార్యను దింపి, అయ్యేదాకా అక్కడే నిలబడటం ఆయన అలవాటు. ఎప్పుడూ మాట్లాడినవాడు కాదు. నేను గొడుగు దులుపుతుంటే, నా వైపు చూడకుండా అడిగాడు.

"మీరు నమ్ముతారా అండీ ఇదంతా?"

"ఇంకా తెలీదండీ. ఏం జరుగుతుందో చూద్దామని వస్తాను."

"ఏం జరుగుతోంది?"

తెలిసిందేదో అదే చెప్పాను. మా ఆయన నిన్న భోజనం దగ్గర వాళ్ళమ్మను ఆటపట్టించాడు, కడుపునిండా తిన్నాడు. మీ ఆవిడ మొన్న బాబినుకు దారం చుట్టడం నేర్చుకుని, వంకర లేకుండా ఒక అంచు కుట్టింది. అంతకుమించి నాకు కనిపించింది లేదన్నాను.

"ఇంట్లో దిండుకు గలీబు కుట్టింది," అన్నాడు. "బాబు దిండుకు కాదు. నాకు." తర్వాత, నేనేదో అంటానని ముందే అడ్డం పెట్టినట్టు, "నేను లోపలికి రాను. ఎప్పటికైనా వస్తానని కూడా చెప్పను," అన్నాడు.

"నేను రమ్మనలేదండీ," అన్నాను.

ఆ మాటకు ఆయన మొదటిసారి నా వైపు చూసి తల ఊపాడు. లోపల పాట మొదలైంది. నేను చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టి, జల్లు కొడుతోందని తలుపు దగ్గరికి లాగబోయాను.

"తలుపు వెయ్యకండి," అన్నాడాయన బయటినుంచి. "పాట సరిగా వినబడటం లేదు."

వదిలేసి వెళ్ళి కూర్చున్నాను. గాలికి వాన లోపలికి కొడుతూనే ఉంది. ఆఖరి బెంచీలో ఉన్న మేమందరం కొంచెం కొంచెంగా తడుస్తున్నాం. పాట అయ్యేదాకా ఎవరూ లేచి తలుపు వెయ్యలేదు.